క్రియ లేని వాక్యం

శనివారం. ఒంటిపూట బడి.
గుంటూరు ఎండ బ్రాడీపేట అడ్డరోడ్ల మీద
పెనం పెట్టుకుని కూర్చుంది.
మా బడి ఆయా మస్తాన్‌బీ అంది:
"టీచరమ్మా, సమర్ భల్లాది కొత్తది పడిందంట.
హాల్లో ఏసీ పనిచేస్తోందంట."
రెండో మాటకి నేను లేచాను.

లెక్కపెడితే పంతొమ్మిది మందిమి,
పిల్లి కాక.
నా పక్కసీట్లో మిర్చియార్డు మనిషి.
కాటా ముగించి తిన్నగా వచ్చినట్టున్నాడు,
చొక్కా దులపలేదు.

ఇరవై రెండేళ్ళుగా హిందీ చెప్తున్నాను.
కా, కే, కీ.
భూతకాలంలో కర్త పక్కన 'నే' మరిచిపోతే
అర మార్కు కోత.
సినిమా కూడా ఎర్రపెన్నుతోనే చూస్తాను, ఏం చెయ్యను.

ఆవపూల చేలు వచ్చాయి.
ఆ చేలల్లో ఎప్పుడూ ఎవరూ కలుపు తీయరు.
తల్లి హారతి పళ్ళెం ఎత్తగానే
గాలి వీస్తుందని మస్తాన్‌బీ ముందే చెప్పింది.
వీచింది. దీపం ఆరబోయి ఆగింది.
పెళ్ళిపాటలో నూటయాభై మంది చుట్టాలు,
ఒక్కరికీ కొత్త చెప్పు కరవలేదు.
విలన్ హెలికాప్టర్ దిగాడు, నాలుగు మాటలని
మళ్ళీ అదే ఎక్కాడు.
ఎందుకు దిగాడో నాకు ఇంకా తెలీదు.

పైగా ఇది మన కథే.
పదేళ్ళ క్రితం, ఈ సీటు స్పంజి ఇంకా బయటికి రాకముందు,
ఇదే హాల్లో తెలుగులో చూసిందే.
రైలెక్కి బొంబాయి వెళ్ళి
పేరు మార్చుకుని, కారం తగ్గించుకుని
తిరిగొచ్చింది.
వస్తూ వస్తూ ఒక లుంగీవాణ్ణి వెంటేసుకొచ్చింది:
నుదురంతా విభూతి, నోరు తెరిస్తే 'అయ్యయ్యో',
నడిస్తే సాంబారు గంగాళంలో పడతాడు.
వాడు మనమట.
గుంటూర్లో కూర్చుని మనల్ని చూసి మనం నవ్వాలట.
పిల్లి కూడా నవ్వలేదు.

మరి ఆ పిల్లాడో?
పిల్లాడంటే నలభై దాటుంటాయి, అయినా పిల్లాడే.
కాస్త వంకర పన్ను.
నవ్వేముందు కిందికి చూస్తాడు.
గొడుగు అరువిస్తే ఆరబెట్టి మరీ తెచ్చిచ్చే ముఖం.
నా తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో యోహాను ఇంతే,
ప్రశ్ననే తిప్పి జవాబుగా రాసి
పేపరిస్తూ ఒక నవ్వు నవ్వుతాడు,
సున్నా చుట్టబోయిన నా చెయ్యి
ముప్ఫై అయిదు దగ్గర తేలుతుంది.

కర్త బ్రహ్మాండం.
కర్మ మాది.
క్రియ కోసం రెండు గంటల యాభై నిమిషాలు చూశాం.

తల్లి పోయే ఘట్టంలో నా కళ్ళు చెమ్మగిల్లాయి.
అబద్ధమెందుకు, ధార కట్టాయి.
మస్తాన్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.
వెనక వరసలో ఎవరో వరసపెట్టి తుమ్ముతున్నారు.
తిరిగి చూస్తే
మిర్చియార్డు మనిషి గుండీలు విప్పి
చొక్కాతో విసురుకుంటున్నాడు.

ఒక్కచోట మాత్రం,
ఇంటర్వెల్‌కి ముందు, ధాబా దగ్గర,
అందరూ ఫైటుకి చోటు సర్దుతుంటే
వెనకాల, మసకగా,
అతను టీ తాగి నాలుక కాల్చుకున్నాడు.
అది ఎవరూ రాసిన సీను కాదు.
చూశారేమోనని అటూ ఇటూ చూసి
తనలో తను నవ్వుకున్నాడు.
అంతే.
సుమోలు గాల్లోకి లేచాయి.

శంకర్‌విలాస్ సెంటర్‌కి నడిచొస్తుంటే
మస్తాన్‌బీ తీర్పిచ్చింది:
"సినిమా ముదనష్టం. పిల్లోడు బంగారం.
ఆ విలన్ తిట్లూ ఓ తిట్లేనా టీచరమ్మా,
మా ఆయన తిట్టినా అంతకన్నా సొగసుగుంటది."

సోమవారానికి యోహాను పేపరు దిద్దాలి.
అతని తర్వాతి సినిమాకి రావద్దని
ఇద్దరం అనుకోలేదు, వద్దామనీ అనుకోలేదు.
టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకుని
చాలాసేపు ఊదుకున్నాం.